నీలం తిరిగిన కత్తి

నా దగ్గర నాలుగు మంగలి కత్తులున్నాయి. బీరువాలో చొక్కాల కింద, పాత బిస్కట్ల డబ్బాలో పెడతాను. నాలుగూ మడత కత్తులే. పిడిలోంచి తెరిచి గీసుకోవాలి. ఇంటికొచ్చినవాళ్ళు చూస్తే నవ్వుతారు, ఈ కాలంలో ఇదేం సోకని అడుగుతారు. నిజానికి ఇది సోకే అయితే నాకు హాయిగా ఉండేది.

మా అబ్బాయి ఈడు కుర్రాళ్ళు గడ్డాలు పెంచి, వాటికి నూనెలు రాసి, ఏ కత్తి గొప్పదో ఏది పనికిరానిదో ఫోన్లలో గంటలకొద్దీ చెబుతున్నారు. ఒకటి రెండు విన్నాను. ఉక్కు గురించి చెబుతారు, పిడి గురించి చెబుతారు, బరువు ఎటు మొగ్గాలో చెబుతారు. అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వచ్చిందో ఒక్కడూ చెప్పడు. నాకు నచ్చిన కత్తి ఏది, నచ్చనిది ఏది అని నన్నడిగితే, అది తప్ప చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

నేను సూరత్ పక్క బమ్రోలిలో మరమగ్గాలు బాగుచేసే మాస్టర్ని. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. మా నాన్న, అంటే బాపు, పెళ్ళికి ముందే తెలంగాణ నుంచి ఇక్కడికొచ్చి సాంచెలు నడిపాడు. నేను సూరత్‌లోనే పుట్టాను, ఇక్కడే నూనె మరకల్లో పెరిగాను. ఊరు గురించి నాకు తెలిసిందంతా బాపు చెప్పిందే, ఆయన చెప్పింది తక్కువ.

పనికిమాలినదాని గురించి ముందు చెప్పేస్తాను. బ్లేడు విరిచి సగం ముక్క ఇరికించే రకం. ఇప్పుడు సెలూన్లన్నిటిలో ఇదే. రోగాలు అంటవంటారు, నిజమే కావచ్చు. కానీ నా లెక్కలో అది కత్తి కాదు, బ్లేడుకు తగిలించిన పిడి. మొండిబారితే ముక్క పారేసి ఇంకో ముక్క పెట్టడమే. నూరే పని లేదు, తోలు పట్టా మీద తిప్పే పని లేదు. దాన్ని ఎవరూ పాడుచేయలేరు. ఆ ఒక్క గుణానికి దాన్ని మెచ్చుకోవలసింది, నాకు చేతకావడం లేదు. బాపు చివరి ఆరేళ్ళూ ఆ రకం కత్తి కిందే గడ్డం ఎత్తి కూర్చున్నాడు.

రెండోది బాపు సొంత కత్తి. నల్లని కొమ్ము పిడి, చివర చిన్న పగులు. నూరి నూరి అలుగు సన్నబడిపోయింది. బాపు పడుచువాడిగా ఉన్నప్పుడు ఊళ్ళో ఎవరి గడ్డం వాళ్ళు గీసుకునే అలవాటు లేదు. మంగలాయన ఇంటింటికీ వచ్చి గీసేవాడు, పంట ఇంటికొచ్చాక వడ్లు పోసేవాళ్ళు. బాపు సూరత్ బండి ఎక్కే ముందు రోజు ఆ ముసలాయన గడ్డం గీసి, అదే కత్తి తుడిచి బాపు చేతిలో పెట్టాడట.

"ఆడ నీ గదువ ఎవలి చేతుల వెడ్తవ్ బిడ్డా? తీస్కపో. నీ చేతినే నమ్ముకో" అన్నాడట.

బాపు ఆ మాటను నిజంగానే పట్టుకున్నాడు. సూరత్‌లో సందుకో సెలూన్ ఉన్నా, ఎన్నడూ ఇంకొకరి ముందు గడ్డం ఎత్తలేదు. ఒక్క గదిలో మేం నలుగురం ఉండేవాళ్ళం, నా పెళ్ళయ్యాక. మూలన స్నానాలకూ కడుక్కోవడానికీ మోరి, దాని పక్కన నీళ్ళ డ్రమ్ము. బాపు అక్కడ పీట వేసుకుని కూర్చునేవాడు. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, అలుగును పడుకోబెట్టి, ముందుకూ వెనక్కూ తోసేవాడు. తొందరన్నది ఉండేది కాదు. సాంచెలో పోగును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే తోలు పట్టా అరిగిపోతే పారేయకుండా ఇంటికి తెచ్చి, తలుపు గొళ్ళేనికి కట్టి, దాని మీద కత్తి తిప్పేవాడు. తరవాత తన ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు నాలుగు గీసి చూసుకునేవాడు. అవి గాలికి రాలినట్టు రాలితే కత్తి సిద్ధం. అందుకే బాపు ఎడమ ముంజేయి మీద అరచేయంత మేర ఎప్పుడూ నున్నగా ఉండేది. చిన్నప్పుడు మగవాళ్ళందరికీ చేతులు అలాగే ఉంటాయనుకున్నాను.

అద్దం పెట్టుకునేవాడు కాదు. ఎడమ చేతి వేళ్ళతో చెంప తడిమి చూసి, కుడి చేత్తో గీసేవాడు. ఎక్కడా గీటు పడేది కాదు. ఆ చేతులే కార్ఖానాలో ఎనిమిది సాంచెలు చూసేవి. పోగు తెగితే ఆయన రెండు వేళ్ళతో ఒక మెలిక వేసి అతికేవాడు. చూస్తున్నవాళ్ళకు ఆ మెలిక కనపడేది కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళను సేఠ్ బాపు వెనక నిలబెట్టి చూడమనేవాడు. బాపు దగ్గర చదువు లేదు, పొలం లేదు. గర్వపడడానికి ఆయనకున్నవి ఆ రెండు చేతులే.

నాకప్పుడు ఇరవై ఆరు. అప్పుడప్పుడే మాస్టర్ అనిపించుకుంటున్నాను. ఏ కార్ఖానాలో సాంచె మొరాయించినా నాకే కబురొచ్చేది. ఆ మిడిసిపాటు ఎంత ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. బాపు నూరుడు కార్యక్రమం అయ్యేదాకా మోరి ఖాళీ అయ్యేది కాదు, నాకు డ్యూటీకి ఆలస్యమయ్యేది. కత్తి తీసిన ప్రతి రోజూ పళ్ళపొడి చేతిలో పట్టుకుని నిలబడి లోపల్లోపల గొణుక్కునేవాణ్ణి. "గింత సేపా బాపూ? గ్రైండర్ మీద వెడ్తె రెండు నిమిషాల పని" అన్నానొకసారి. "అది ఇనుపముక్క గాదురా" అన్నాడు, తల ఎత్తకుండా.

నాకు కోపం వచ్చింది. చేసి చూపిస్తే తెలుస్తుందనుకున్నాను.

బాపు కార్ఖానాకు సెలవు మంగళవారం. మంగళవారం, శనివారం కత్తి ముట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. అంటే సెలవు రోజున బాపు ఎంత ఖాళీగా కూర్చున్నా కత్తి పెట్టే డబ్బా తెరవడు. నేను పనిచేసే చోట సెలవు వేరే రోజు. ఒక మంగళవారం పొద్దున బాపు టీకి బయటికెళ్ళినప్పుడు కత్తి తీసి జేబులో వేసుకున్నాను. అమ్మ స్టవ్ దగ్గర అటు తిరిగి ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ కార్ఖానాలో ఇనుము అరగదీసే గ్రైండర్ ఆన్ చేసి కత్తి ఆనించాను. రవ్వలు లేచాయి. సాంచె విడిభాగాలు అరగదీసినట్టే అరగదీశాను. మధ్యలో నీళ్ళలో ముంచాలని తెలుసు, ఒకసారి ముంచాను కూడా. కానీ అలుగు అంత సన్నం అని చేతికి ఆలస్యంగా తెలిసింది. అంచు వెంట ముందు గడ్డిపసుపు రంగు పాకింది, ఆ వెంటనే నీలం తిరిగింది. ఉక్కు నీలం తిరిగిందంటే ఏమిటో మాస్టర్‌కి ఇంకొకరు చెప్పక్కర్లేదు. దాని గట్టిదనం చచ్చిపోతుంది. ఎంత నూరినా ఇక పదును నిలవదు.

నేనేం చేశాను? సన్న ఉప్పుకాగితం తెచ్చి ఆ నీలం పోయేదాకా రుద్దాను. తెల్లగా మెరిసింది. పిడి దగ్గర గోరంత నీలం పోలేదు, పిడి మడిస్తే అది కనపడదు. సాయంత్రం తెచ్చి డబ్బాలో పెట్టేశాను.

బుధవారం పొద్దున బాపు పీట వేసుకున్నాడు. నేను పక్కనే పళ్ళపొడితో నిలబడి ఉన్నాను. రాయి మీద తోశాడు, పట్టా మీద తిప్పాడు. ముంజేతి మీద గీస్తే వెంట్రుకలు సగం తెగాయి, సగం వంగాయి. మళ్ళీ నూరాడు. ఇంకా ఆలస్యమవుతుందని చెంప మీద పెట్టాడు. మొదటి గీతకే రక్తం వచ్చింది. రెండోసారి గదువ కింద తెగింది. మూడోసారి చెవి పక్కన. బాపు ముఖం మీద రక్తం చూడడం నాకదే మొదటిసారి.

"కత్తి ఎవలన్న ముట్టిండ్రారా?" అన్నాడు.

"ఎవలు ముడ్తరు? మంగళవారమాయె."

కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకొక్క క్షణం చూస్తే ఆ గోరంత నీలం కనపడుతుంది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"కత్తి మంచిగనే ఉన్నది బాపూ. నీ చెయ్యే వణుకుతున్నది."

బాపు కత్తి కింద పెట్టేశాడు. రెండు చేతులూ ముందుకు చాచి, కిటికీ వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అంతసేపు చాచి పట్టుకుంటే ఎవరి చేతులైనా కాస్త కదులుతాయి. ఆయనవీ కదిలాయి.

"అవునురా" అన్నాడు. "నేను సూస్కోలె."

ఆ రోజు చెప్పేసి ఉంటే ఏమయ్యేది? రెండు తిట్లు తిట్టేవాడు. కొడితే ఒక దెబ్బ. రెండు రోజులు మాట్లాడకపోతే అంతే. అంత చిన్న శిక్షకు భయపడ్డాను. సాయంత్రం చెబుదామనుకున్నాను, ఆదివారం చెబుదామనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చెప్పవలసిన మాట పెద్దదవుతూ పోయింది.

ఎందుకంటే బాపు గడ్డంతో ఆగలేదు. కార్ఖానాలో పోగు అతికే ముందు వేళ్ళ వంక చూసుకోవడం మొదలుపెట్టాడట. చూసి చేసే పని కాదది. మెలిక తప్పేది, మళ్ళీ వేసేవాడు. ఈలోపు పక్క సాంచెలో పోగు తెగి బట్టలో గీత పడేది. సేఠ్ ఏమీ అనలేదు, పాతమనిషి కదా అని ఊరుకున్నాడు. కానీ రెండు నెలలకు బాపే వెళ్ళి, నా చేతులు పోయినయి, సాంచెలు ఇంకొకరికియ్యండని చెప్పి వచ్చాడు. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. యాభై అయిదేళ్ళు కూడా నిండని మనిషి, లోపల ఎనిమిది సాంచెల చప్పుడు వింటూ బయట లారీలు లెక్కబెడుతూ కూర్చున్నాడు.

అప్పుడు భయపడి నేను కత్తిని బాగుచేయించాలనుకున్నాను. ఇక్కడా నా బుద్ధి చూడండి. బాగుపడితే ఏమీ చెప్పకుండా మళ్ళీ డబ్బాలో పెట్టేయొచ్చని. నవాగామ్‌లో ఒక గుజరాతీ ముసలాయన ఉండేవాడు, సగం బ్లేడు ముట్టని ఆఖరి మంగలి. ఆయన కత్తి తెరిచి, బొటనవేలి గోటి మీద అంచు ఆనించి చూసి, పిడి దగ్గరి నీలం మీద వేలు పెట్టాడు.

"ఇస్కా పానీ ఉతర్ గయా" అన్నాడు. ఉక్కుకు పట్టిన గట్టిదనం దిగిపోయిందనడానికి వాళ్ళ మాట అది. తరవాత, "యే కిస్నే జలాయా?" అని అడిగాడు.

ఎవరు కాల్చారని. "మా బాపు కత్తి" అన్నాను. "మీ బాపే కాల్చాడా?" అంటే తలూపాను. అవును, తలూపాను. ముసలాయన ఆ కాల్చినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. మంచి కత్తి విలువ తెలియని గాడిద అన్నాడు, అలాంటివాడి చేతికి కూరగాయల కత్తి కూడా ఇవ్వకూడదన్నాడు. నేను తలొంచుకుని ఆఖరి మాటదాకా విన్నాను. కొన్నాళ్ళకు ఆయన దుకాణం మూసేస్తుంటే వెళ్ళి ఆయన కత్తి ఒకటి కొనుక్కున్నాను. మూడోది అదే. వెడల్పాటి అలుగు, చేతిలో బరువుగా ఉంటుంది. గడ్డం మీద పెడితే ఎండుటాకుల మీద నడిచినట్టు చిన్న చప్పుడు. నాకు నచ్చిన కత్తి ఏదంటే అదే. గీసుకునేది దాంతోనే. బాపు కత్తే నాకిష్టమని చెబుతానని మీరనుకుని ఉంటారు. ఆ అబద్ధం కూడా ఎందుకు? బాపు కత్తిని నేను కన్నెత్తి చూడలేను. ఆ ముసలాయన కత్తి నచ్చడానికి కారణం ఒక్కటే, నేను చేసిన పనికి నా ముఖం మీద నన్ను తిట్టినవాడు లోకంలో ఆయనొక్కడే.

ఇక నాలుగోది. నచ్చనిది. అది మిగతా మూడింటికన్నా మేలైన కత్తి. విదేశీ ఉక్కు, చెక్క పెట్టె, లోపల మెత్తటి గుడ్డ. సూరత్ దగ్గరి ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తెలుగు ఇంజనీరు విదేశం వెళ్తుంటే బతిమాలి తెప్పించాను. బాపు ముందు పెట్టాను. ఆయన పెట్టె తెరిచి, మూసి, నా వైపు తోశాడు.

"నా చేతులకు ఏం అక్కెరరా? గింత మంచిదాన్ని ఖరాబు జేస్త."

నేను పట్టుబట్టాను. కనీసం నేను గీస్తానన్నాను. అప్పటికి ఆయన సందు చివరి సెలూన్లో వారానికోసారి గీయించుకుంటున్నాడు. వెళ్ళే ముందు ముఖం ముడుచుకునేవాడు. నేను అడిగితే పీట మీద కూర్చుని గడ్డం ఎత్తాడు. ఆయన మెడ నా వేళ్ళ కింద వెచ్చగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు. కత్తి వెన్నలో దిగినట్టు సాగిపోయింది. ఒక్క గీటు పడలేదు. అయిపోయాక చెంప తడిమి చూసుకున్నాడు.

"నీ చెయ్యి మంచిగున్నదిరా" అన్నాడు. "నా చెయ్యి నీకైన వచ్చింది. గంతే సాలు."

కత్తి కడిగి పెట్టెలో పెట్టాను. మళ్ళీ ఎప్పుడూ దాన్ని వాడలేదు. ఆయన అడిగినా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. దాంతో మళ్ళీ సెలూన్‌కే వెళ్ళాడు. ఆ కత్తి మీద నాకున్నంత కోపం ఇంకే వస్తువు మీదా లేదు. పాపం దాని తప్పేముంది, అది బాగా పనిచేసింది.

తన కత్తి పాడైన ఆరేళ్ళకు బాపు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. దూది పీల్చిన ఛాతీ, అది ఎలాగూ తప్పేది కాదేమో. మధ్యాహ్నం ఇంటి ముందు బల్ల మీద పడుకోబెట్టి స్నానం చేయిస్తూ ఎడమ చేయి ఎత్తి నీళ్ళు పోశాను. ముంజేయి నిండా వెంట్రుకలు. మణికట్టు నుంచి మోచేతిదాకా దట్టంగా, నెరిసి, తడికి చర్మానికి అతుక్కుని. ఆరేళ్ళుగా పక్కనే ఉండి ఆ చేతి వంక చూడలేదు నేను. అక్కడే ఏడ్చాను. అందరూ తండ్రి కోసం ఏడుస్తున్నాననుకుని భుజం తట్టారు.

పదకొండో రోజు అస్థికలు తాపీ నదిలో కలపడానికి బయల్దేరుతూ బాపు కత్తి కూడా చేతిలోకి తీసుకున్నాను. నదిలో పడేస్తే పీడ పోతుందని. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"అదెందుకు?" అంది.

"బాపుది గద. ఆయనతోనే పోనీ."

అమ్మ చేయి చాచి కత్తి తీసుకుంది. తెరిచి, పిడి దగ్గర గోరంత నీలం మీద బొటనవేలు పెట్టింది. ఆమెకు వెతకవలసిన అవసరం లేకపోయింది.

"మంగళవారంనాడు నువ్వు జేబుల ఏస్కునుడు సూసిన" అంది. "ఇయ్యాల జెప్తడు, రేపు జెప్తడు అని ఆరేండ్లు సూసిన."

"నువ్వన్న జెప్పకపోతివి" అన్నాను. అవును, అప్పుడు కూడా తప్పు ఇంకొకరి మీదికే తోశాను.

"నేనెట్ల జెప్త? చేతులు పాయె అని ఏడ్సినప్పుడల్ల, కొడుకున్నడు తీ అనెటోడు. నేను జెప్తె గా కొడుకు గూడ పోతుండె."

కత్తి మడిచి నా చేతిలో పెట్టింది. "నీళ్ళల్ల ఎయ్యకు. ఇంట్ల వెట్టుకో. ఆయన లేడు, ఇగ జెప్పుకుంటె దానికే జెప్పుకోవాలె" అంది.

ఆ తరవాత ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పటికీ మా దగ్గరే ఉంటోంది. పొద్దున నేను పట్టా మీద కత్తి తిప్పుతుంటే ఆ చప్పుడుకు తల తిప్పి చూస్తుంది. నేను ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకుని, చేతులు రెండూ కిటికీ వెలుతురులో చాచి, వణుకుతున్నాయేమో చూసుకుని అప్పుడు మొదలుపెడతాను. నేను ఏదైనా చెబుతానేమోనని ఆమె ఇంకా చూస్తోందని నాకు తెలుసు. ఒక్కసారి, బాపు కత్తి చేతిలో పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చుని, అవునమ్మా నేనే కాల్చాను అంటే చాలు. అది కూడా నాకు చేతకాలేదు. ఇక్కడ మాత్రం అంతా రాసేశాను. అమ్మకు చదవడం రాదు.